చిన్నాన్న పెట్టిన పరీక్ష

పెట్టె గుయ్యిమంది. మీటరులో నలభై ఎనిమిది వోల్టుల దగ్గర నిలబడాల్సిన అంకె పైకీ కిందికీ ఊగింది.

"ఏమ్మాయ్, మీ నాన్న నేర్పింది ఇంతేనా?" అన్నాడు చిన్నాన్న. సంబరం దాచుకోలేదు.

ఆయన చేసింది చిన్న పనే. బ్యాటరీకీ పెట్టెకీ మధ్యనున్న జానెడు వైరు తీసేసి, చుట్టలు చుట్టిన పొడవాటి వైరు తగిలించాడు. అంత వైరు దాటి వచ్చే కరెంటును నిలకడగా పట్టి ఉంచడం ఏ పెట్టెకైనా కష్టమే. మంచి మనసున్నవాడికి తట్టే ఆలోచన కాదది.

అన్న పోయిన మర్నాడే వర్క్‌షాపు తాళాలు మార్చిన మనిషి ఆయన. గేటు బయట నిలబడిపోయిన అన్న కూతురు, కొన్నాళ్లకు ఎదురుగానే షాపు తెరిచింది. పాత ఖాతాదారులు ఒక్కొక్కరే రోడ్డు దాటారు. ఆయన కడుపుమంట అప్పట్నుంచీ ఆరలేదు. ఇప్పుడు ఆసుపత్రి తరఫున పరీక్షకుడై, ఆమె షాపులోనే కుర్చీ వేసుకున్నాడు.

ఆసుపత్రికి కావలసింది బ్యాటరీ నిండుగా ఉన్నా నీరసించినా ఒకే వోల్టేజి ఇచ్చే పెట్టె. ఆ వోల్టేజిని పట్టి నిలిపే కంట్రోలర్ ఆమె డిజైను. నెలాఖరులోగా పరీక్ష నెగ్గకపోతే ఆర్డరు పోతుంది. ఆర్డరు పోతే షాపుకి తాళమే.

"ఆయన్ని మార్చమని అడుగు. కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకం" అన్నాడు భర్త.

"ఉండనీ."

కోపాన్ని ఊరికే ఖర్చుపెట్టే మనిషి కాదామె. కంట్రోలర్ సరిదిద్దింది. మర్నాడు పొడవాటి వైరుకు పెట్టె చలించలేదు. చిన్నాన్న తుక్కులోంచి ఎండిపోయిన కెపాసిటర్ ఏరి తెచ్చి బిగించాడు. అంకె మళ్లీ ఊగింది. ఆమె మళ్లీ దిద్దింది. ఆయన వేడిగాలి కొట్టాడు. నడుస్తుండగా లోడంతా పీకేసి, అంకె కుదుటపడేలోపే తిరిగి తగిలించాడు. సొంత షాపులో ఏనాడూ అంత ఒళ్లొంచి పనిచెయ్యలేదు. భోజనానికి కూడా లేవలేదు.

గడువు చివరి రోజున తన విద్యలన్నీ ఒకేసారి ప్రయోగించాడు. అంకె చెక్కు చెదరలేదు.

"ఇంకేమైనా మిగిలాయా, చిన్నాన్నా?"

"మిగిలితే వదులుతానా?"

పళ్లు నూరుతూ కాగితం అందుకున్నాడు.

"సంతకం కాస్త పెద్దగా పెట్టండి. మీ దగ్గర మిగిలిన ఖాతాదారులకు కూడా చూపించాలి" అందామె.

ఈ వ్యాపారంలో అందరికన్నా కఠినంగా పరీక్షించేదెవరని ఆసుపత్రివాళ్లు అడిగినప్పుడు, చిన్నాన్న పేరు చెప్పింది ఆమే.