తోడు నక్షత్రం వయసు

మార్చి పద్నాలుగున క్యాంటీన్‌లో టమాటా సూపు పెట్టారు. డిప్యూటీకి ఆ తేదీ బాగా గుర్తు. ఆ రోజే పెద్దాయన తన సూపు ముట్టుకోకుండా ఫ్లాస్కులో పోసుకుని, చంకన పెట్టుకుని, పొద్దుండగానే ఇంటిదారి పట్టారు.

“చూశావా?” అన్నాడు డిప్యూటీ టైపిస్టుతో.

“ఏంటి సార్, సూపు బాగాలేదా?”

“సూపు కాదు. ఆయనకి తోడు దొరికింది!”

ఆ ఖగోళ విభాగానికి పెద్దాయనే అధిపతి. భార్య పోయి రెండేళ్లయింది. ఆయన పదవి పొడిగించాలా వద్దా అన్నది నెలాఖరున కమిటీ తేలుస్తుంది. ఆ కుర్చీ మీద డిప్యూటీకి ఎప్పట్నుంచో కన్ను. ముసలాయన పని ఎగ్గొట్టి ప్రేమాయణం నడుపుతున్నారని రుజువు చూపిస్తే చాలు, కుర్చీ తనదే.

కనబడని తోడును పట్టుకోవడమే ఆ విభాగం పని. పల్సర్ అనే నక్షత్రం గడియారంలా టిక్కుటిక్కుమని సంకేతాలు పంపుతుంది. ఆ టిక్కులు ఓసారి ముందుగా, ఓసారి ఆలస్యంగా అందాయంటే, పక్కనే మరో నక్షత్రం ఉండి దాన్ని అటూ ఇటూ లాగుతోందన్నమాట. పెద్దాయన రాకపోకలూ ఈమధ్య అలాగే ఉన్నాయి. డిప్యూటీ గ్రాఫు గీశాడు. అసలు నక్షత్రాలకు ఏనాడూ అంత శ్రద్ధగా గీసిన పాపాన పోలేదు.

“లాగుడు తక్కువుంది, అంటే మనిషి సన్నం. వయసు పాతికకి మించదు,” అని తేల్చేశాడు.

“గ్రాఫులో వయసు కూడా పడుతుందా సార్?” అంది టైపిస్టు. “అయినా మొన్న పెద్దాయన నన్ను జడ వెయ్యడం నేర్పమన్నార్లెండి. గట్టిగా లాగితే నొప్పెడుతుందా అని కూడా అడిగారు.”

“జడా! నాకప్పుడే ఎందుకు చెప్పలేదు?”

“మీకూ నేర్పమంటారేమోనని.”

ఆ వారం మీటింగులో డిప్యూటీ ఓ కొత్త తోడు నక్షత్రం గురించి ఊదరగొడుతుంటే పెద్దాయన నవ్వారు.

“తెల్లగా మెరుస్తోందని పడుచుదనుకుంటున్నావు. అది మండాల్సిందంతా ఎప్పుడో మండేసింది నాయనా. ఇప్పుడు మెల్లగా చల్లారుతోంది, అంతే.”

డిప్యూటీకి ఒళ్లు మండింది. అయినా బయటికొచ్చాక గొంతుకు తేనె పూసుకున్నాడు.

“ఇంట్లో ఎవరో ఉంటున్నారట కదా సార్?”

“ఉంటున్నారయ్యా.”

“మీరంటే ఇష్టమేనా?”

“ఇష్టమే. కాకపోతే రోజూ కొత్తగా పరిచయం చేసుకోవాలి.”

డిప్యూటీ చెవులు ఎర్రబడ్డాయి. ఈ వయసులో ఇంత సరసమా!

కమిటీ ముందురోజు చీకటిపడుతుండగా అతను ఫోను పట్టుకుని పెద్దాయన కిటికీ కింద, పూలకుండీల వెనక నక్కాడు. పరదా మీద రెండు నీడలు. మంచమ్మీద సన్నటి ఆకారం. పెద్దాయన చెంచాతో ఏదో తాగించారు, మూతి తుడిచారు, ఓపిగ్గా జడ అల్లారు. ఆ జడ కొసన రిబ్బను కట్టారు.

డిప్యూటీ గుండె గంతేసింది. కుర్చీలో కూర్చున్నంత హాయిగా ఫోను పైకెత్తి వీడియో నొక్కాడు.

పెద్దాయన దుప్పటి కప్పి, దీపం తగ్గించి, గుమ్మం దాకా వచ్చారు. మంచమ్మీంచి సన్నగా ఏదో ప్రశ్న వినిపించింది. ఆయన ఆగారు.

“మీ అమ్మాయి వచ్చేస్తుంది అత్తయ్యా, మీరు పడుకోండి,” అంటూ తలుపు మెల్లగా మూశారు.