గుమ్మడి గింజల జోలపాట

పాటలు రాయడం నేర్చుకుందామని ఉడుత వెళ్లి కీచురాయి దగ్గర శిష్యరికానికి చేరింది. మొదటి బేరం బాతమ్మది. మధ్యాహ్నం పిల్లలు నిద్రపోతే గానీ ఆవిడ చెరువులోకి దిగడానికి లేదు. "ఇవాళ వీళ్లు పడుకోకపోతే రేపు కప్ప చేత రాయించుకుంటాను," అని ముందే చెప్పేసింది.

కీచురాయి వరస కట్టి, కొలత తెలియడానికి నోటికొచ్చిన మాటలు పెట్టి పాడి వినిపించింది: "గుమ్మడి గింజ, గుండ్రటి గింజ, నాకో గింజ, నీకో గింజ."

"అసలు మాటలు నేను వేస్తాలెండి," అంది ఉడుత, ఆ గింజలకి లోలోపల సిగ్గుపడుతూ. పొద్దున్నంతా చెట్టెక్కి దిగి, తోక కొరుక్కుని, మధ్యాహ్నం బాతు పిల్లల ముందు "శీతల సుధాంశు కిరణ డోలలో" అని గొప్పగా ఎత్తుకుంది.

మూతలు పడుతున్న కళ్లన్నీ తెరుచుకున్నాయి.

"సుధాంశు అంటే ఎవరమ్మా?" అందో పిల్ల.

"చందమామ," అంది ఉడుత.

"మరి ఎండగా ఉందిగా?"

పిల్లలన్నీ చందమామని వెతకడానికి గూట్లోంచి బయటికొచ్చేశాయి. బాతమ్మ కప్ప ఉండే వైపు చూసింది. ఉడుతకి ఇంకేమీ తోచక "గుమ్మడి గింజ, గుండ్రటి గింజ" అని అందుకుంది. పాడగా పాడగా పిల్లలు ఒకదాని మీద ఒకటి వాలి నిద్రపోయాయి.

"హాయిగా ఉంది. ఎవరు రాశారు?" అని గుసగుసగా అడిగింది బాతమ్మ.

ఉడుత గురువు వైపు ఓసారి చూసింది.

"నేనే," అంది. "ఆ గింజలు కుదరడానికి చాలా అవస్థ పడ్డాను."

తిరిగొచ్చేటప్పుడు కీచురాయి మీసం దువ్వుకుంటూ అంది: "పాట రాయడం నీకింకా రాలేదు నాయనా. పాటలు రాసి బతకడం మాత్రం వచ్చేసింది."