గుండీల రాణి

ఒక్క తల. ఒకే ఒక్క తల తక్కువైంది టీచరమ్మకి.

ఇరవై మంది ఉంటేనే బడి ఉంటుంది, లేదంటే వంతెన అవతల పెద్దబడిలో కలిపేస్తామని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. లారీలు తిరిగే ఆ వంతెన దాటి ఈ బుడతలు బడికి వెళ్తారా? చచ్చినా వెళ్ళరు, మానేస్తారు. ఆ సంగతి టీచరమ్మకి తెలుసు. ఉత్తర్వు రాసినవాళ్ళకే తెలియదు.

తలల వేటలో ఆవిడ ఎక్కని గుమ్మం లేదు.

"మీ బళ్ళో టై ఉందా? బస్సుందా?" అని అడిగారు తల్లులు.

టై లేదు. బస్సు అసలే లేదు. ఉన్నవల్లా సీసామూతలు, పాత క్యాలెండర్లు, మేజోళ్ళతో కుట్టిన బొమ్మలు, అక్షరాలు దిద్దుకునే ఇసుక పళ్ళెం, పెద్ద డబ్బా నిండా గుండీలు. పైవాళ్ళు పంపిన డిజిటల్ బోర్డు కూడా ఉంది కానీ దాని వైరు ఇంకా రాలేదు. అందుకని బోర్డుని గోడకి ఆనించేసి, అది వచ్చిన అట్టపెట్టెతో గడియారం చేసేసింది మహాతల్లి. ఇక గుండీల సంగతి వాళ్ళాయన్ని అడగాలి. ఇంట్లో ఒక్క చొక్కాకీ గుండీ మిగల్లేదు. పాపం, పిన్నీసులు పెట్టుకుని ఆఫీసుకెళ్తున్నాడు.

చివరికి ఆ గుండీలే ఆదుకున్నాయి.

ఒకరోజు పిల్లలు గుండీలతో కూడికలు చేస్తుంటే, కిటికీ ఊచల్లోంచి రెండు కళ్ళు ఆశగా చూశాయి. మర్నాడూ అంతే. ఆ మర్నాడు టీచరమ్మ చప్పుడు కాకుండా బయటికెళ్ళి చెయ్యి పట్టేసుకుంది.

"లోపలికి రాకూడదూ?"

"నాకు అక్షరమ్ముక్క రాదే!"

"వస్తే ఇక బడెందుకు?"

వెనకవీధిలో కొత్తగా అద్దెకి దిగినవాళ్ళ ఇంట్లోంచి వస్తోందట. ముందుపళ్ళు లేని నోటితో అప్పటికప్పుడు రెండు షరతులు పెట్టింది. ఇంట్లో చెప్పకూడదు. తప్పు చేస్తే అందరితో పాటు తననీ మందలించాలి. టీచరమ్మ నవ్వాపుకుని సరేనంది.

సాయంత్రం నిబంధనల పుస్తకం ముందునుంచి వెనక్కీ, వెనకనుంచి ముందుకీ తిరగేసింది. ఎక్కడా అడ్డు లేదు! "ఇరవై!" అని ఆవిడ పెట్టిన కేకకి వాళ్ళాయన పిన్నీసు వేలికి గుచ్చుకున్నాడు.

ఆ ఇరవయ్యో తల కాస్తా తలనొప్పయి కూర్చుంది. గుండీల డబ్బా ఇంకెవర్నీ ముట్టుకోనివ్వదు. ఆకుపచ్చ గుండీ నాదంటే నాదని పక్కపిల్లతో జుట్లు పట్టుకున్నంత పని చేసింది. 'క' రాయమంటే తిరగేసి రాసి, "అది అటు తిరిగి పడుకుంది" అంది. కథ సగంలో ఉండగానే గుర్రుపెట్టి నిద్రపోతుంది. లేచి, మళ్ళీ మొదట్నుంచీ చెప్పమని పేచీ! గంట కొట్టినా కదలదు. ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని లేపాలి. పిల్లలు ముచ్చటపడి గుండీల రాణి అని పేరు పెట్టారు. రాణిగారు మురిసిపోయి ఇంట్లో ఉన్న మందుసీసాల మూతలన్నీ తెచ్చి బడికి దానం చేసేసింది.

"ఇంట్లో ఏం చెప్పి వస్తున్నావ్?" అని అడిగింది టీచరమ్మ ఓసారి.

"నా పాట్లు నేను పడతాలే. నీకెందుకు?"

మొన్న మొదటిసారి తన పేరు తప్పు లేకుండా ఇసుకలో రాసుకుంది. ఎవర్నీ చెరపనివ్వలేదు. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని బడి వదిలేదాకా అలాగే కూర్చుంది. టీచరమ్మకి సంతోషం పట్టలేక కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇంతలో ఇన్‌స్పెక్టరు ఊడిపడ్డాడు. కొత్తగా బదిలీ మీద వచ్చాడు. నవ్వితే ఎక్కడ ఖర్చయిపోతుందో అన్నట్టుంటాడు. వస్తూనే వేలు చూపిస్తూ తలలు లెక్కపెట్టాడు.

"పంతొమ్మిది."

టీచరమ్మ పైప్రాణాలు పైనే పోయాయి. ఇప్పుడేగా గుండీలు ముందేసుకుని కూర్చుంది!

"ఇరవై సార్! కొత్తగా ఒకరు చేరారు..."

"అయిదేళ్ళు నిండాయా? నిండకపోతే లెక్కలోకి రారు."

"ఎప్పుడో నిండాయి సార్!"

"మరి ఎక్కడ?"

నోట్లో నువ్వుగింజ నానని పిల్ల ఒకతి ఉంది. ముద్దుపేరు రేడియో. అది చటుక్కున లేచింది.

"మిమ్మల్ని కిటికీలోంచి చూసి, ఇసుక పళ్ళెంతో సహా ఆ పెద్ద బోర్డు వెనకాల దాక్కుంది సార్!"

టీచరమ్మ ఒక్క పరుగున బోర్డు దగ్గరికెళ్ళి వంగింది.

"బయటికి రా తల్లీ! నీకు పుణ్యముంటుంది. నువ్వు రాకపోతే బడి పోతుంది!"

"అమ్మో, నేను రాను. తిడతాడు."

"గుండీల రాణీ, వచ్చెయ్యవే!" అని పిల్లలంతా ఒక్కసారి గోల పెట్టారు.

ఇన్‌స్పెక్టరు కలం మూత తీశాడు. "దాక్కున్న తలలు లెక్కలోకి రావు. రుజువుందా? లేకపోతే పంతొమ్మిదే రాసుకుంటాను. రేపట్నుంచి బడికి తాళం."

బోర్డు వెనక ఏదో గరగరమంది. కాసేపటికి ఇసుక పళ్ళెం మెల్లగా నేలమీద జారుకుంటూ బయటికొచ్చింది. ఇసుకలో వంకరటింకరగా ఒక పేరు రాసి ఉంది.

ఇన్‌స్పెక్టరు ఆ పేరు చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

ఇన్‌స్పెక్టరు గబగబా కాగితం మీద ఇరవై అని రాసేసి, బోర్డు వెనక్కి వంగి, "మోకాళ్ళ డాక్టరు దగ్గరికని నాకు చెప్పి, రోజూ నువ్వొస్తున్నది ఇక్కడికా అమ్మా!" అన్నాడు.