దెయ్యాల దాహం

"ఇంకో బకెట్టు తే," అంది దెయ్యం.

తిర్జాకి పైప్రాణాలు పైనే పోయాయి. మొదటి బకెట్టు నీళ్లు అది ఒక్క గుక్కలో ఖాళీ చేసేసింది. తల నుంచి పాదాల దాకా తెల్ల ముసుగు, కళ్ల దగ్గర రెండు కంతలు. వెనక గుర్రాల మీద అలాంటివే ఇంకో రెండు. అప్పటికింకా పొద్దు పూర్తిగా గూకనైనా లేదు. చీకటి పడేదాకా ఆగే ఓపిక ఈ కాలపు దెయ్యాలకి లేదు కాబోలు.

"ఉత్తరాది వాళ్లతో షైలో యుద్ధంలో చచ్చాను. అప్పట్నుంచీ గొంతులో చుక్క నీరు పడలేదు. నీ మొగుడు రేపు ఓటెయ్యడానికి వెళ్లాడో, వాణ్ని కూడా మాతో తీసుకుపోతాం. చెప్పు వాడికి."

చెప్పనక్కర్లేదు. ఐషమ్ తలుపు వెనకే గొడ్డలి పట్టుకుని నిలబడ్డాడు. బయటికొస్తే మూడు తుపాకులూ ఒకేసారి పేల్తాయని తిర్జాయే అతన్ని లోపలికి తోసి గడియ పెట్టింది.

నిజం దెయ్యమైతే ఆమెకి ఇంత భయం ఉండేది కాదు. ముసుగు కింద తోలుసంచిలోకి నీళ్లు జారుతున్న చప్పుడు చెవిన పడింది. మనుషులని తెలిశాకే అసలు భయం పట్టుకుంది. దెయ్యాలైతే ఊరికే జడిపించి పోతాయి. పోయిన నెల ముసలి వైలీని ఓక్ చెట్టుకి వేలాడదీసింది మనుషులే. వైలీ చేసిన నేరమల్లా బానిసత్వం పోయి కొత్తగా ఓటొచ్చిన నల్లవాళ్లకి దాన్ని ఎలా వెయ్యాలో చెప్పడం.

బకెట్టు పట్టుకుని, ఎదురుగా ఉన్న బావిని దాటేసి పెరట్లోకి పరిగెత్తింది. భయంతో దీనికి కళ్లు కూడా పోయాయని దెయ్యాలు విరగబడి నవ్వాయి.

తిరిగొచ్చి బకెట్టు అందించబోతే చేతులు నిలవలేదు. సగం నీళ్లు ఆ దెయ్యం చేతుల మీదే ఒలికాయి. ముసుగు ఒళ్లంతా ఉంది గానీ చేతులకి లేదు. మిగిలిన సగం అది ముసుగు కింద సంచిలోకి వంపుకుని, కంపుకి కాండ్రించి ఉమ్మింది.

"థూ, పాచి నీళ్లు! నరకంలో ఇంతకంటే మంచివి పోస్తారు."

"నిలవ నీళ్లు దొరా, తప్పయింది," అంది తిర్జా.

వాళ్లు వెళ్లాక ఐషమ్ ఒంటికాలి మీద లేచాడు. ఇంటికొచ్చిన చుట్టాలకి మోసినట్టు నీళ్లు మోశావే, కాళ్లు కూడా కడగకపోయావా అని దులిపేశాడు. కాసేపటికి అతనే మెత్తబడి ఆమె చేతులు పట్టుకున్నాడు. ఊళ్లోవాళ్ల నూలుకి నీలిమందు అద్దీ అద్దీ ఏ సబ్బుకీ లొంగని చేతులవి. స్వర్గానికి వెళ్తే ముందు చేతులు కడుక్కురమ్మంటారే నిన్ను, అని చర్చిలో ఆడవాళ్లు ఏడిపిస్తుంటారు.

"వెళ్లకయ్యా," అంది.

"పూర్తి పేరు పెట్టి నన్ను పిలిచే చోటు ఈ భూమ్మీద అదొక్కటేనే. వెళ్తాను."

పొద్దున ఐషమ్ కొత్త చొక్కా తొడుక్కున్నాడు. ముందురోజు పెరట్లో అద్దకం తొట్టిలోంచి తీసినప్పుడు పాచిరంగులో ఉన్న ఆ చొక్కా, గాలి తగిలి ఆరేసరికి చక్కటి నీలం తేలింది. తిర్జా కూడా వెంట బయల్దేరింది. ఇంట్లో కూర్చుని చావు కబురు వినడం కంటే అదే నయమనుకుంది.

స్ట్రౌడ్ దొర కొట్టు వసారాలో ఓట్ల పెట్టె పెట్టారు. కాపలాకి పటాలం వాళ్లు వచ్చారు. తిర్జా లెఫ్టినెంటు దగ్గరికెళ్లి జరిగింది చెప్పింది. ముఖాలు చూశావా అంటే లేదంది. గొంతు గుర్తుందా అంటే ముసుగులోంచి ఎవరి గొంతైనా ఒకటేనంది.

"ఒక్కడి ఆనవాలు చెప్పు చాలు, మిగతా పేర్లు వాడే కక్కుతాడు. ఊరికే ఎవర్ని పట్టుకోను? సాయంత్రానికి మేం వేరే ఊరు పోవాలి," అన్నాడు లెఫ్టినెంటు.

స్ట్రౌడ్ దొర ఆ మాటలు విన్నాడు. ఊళ్లో పెద్దమనిషి, ఎవరింట్లో చావైనా ముందు నిలబడేవాడు. "దెయ్యాలకి ఆనవాళ్లేమిటి తిర్జా? నీ మొగుణ్ని తీసుకుని ఇంటికి పో," అని జాలిగా చెప్పాడు.

ఓట్లయ్యేదాకా ఇక్కడే ఉంటానని తిర్జా మెట్ల పక్కన కూలబడింది. వరసలో ఉన్నవాళ్లనే చూస్తూ కూర్చుంది.

"ఐషమ్ టాలీ!"

ఐషమ్ వెళ్లి బైబిలు మీద ఒట్టి చెయ్యి పెట్టి ప్రమాణం చేశాడు. అందరూ చూస్తుండగా చీటీ పెట్టెలో వేశాడు. మెట్లు దిగుతుంటే స్ట్రౌడ్ దొర అతని చెవి దగ్గరికి వంగాడు. "నీళ్లు తోడి ఉంచమను. రాత్రికి మళ్లీ దాహం వేస్తుందేమో వాటికి."

ఆ మాట తిర్జాకీ వినపడింది.

తర్వాత పేరు స్ట్రౌడ్ దొరదే. ఓట్లు వేయిస్తున్న అధికారి బైబిలు ముందుకు జరిపి, చేతి తొడుగు తియ్యమన్నాడు. విషపు తీగ తగిలి దద్దుర్లు లేచాయి, పుస్తకానికి అంటుకుంటుంది, ఇలాగే కానిద్దాం అన్నాడు దొర. సరేలెమ్మన్నట్టు అధికారి తలూపబోయాడు.

తిర్జా లేచి నిలబడింది.

"మా ఆయన ఒట్టి చెయ్యే పెట్టాడు దొరా," అంది లెఫ్టినెంటుతో.

లెఫ్టినెంటు ఆమెని చూశాడు. ఆమె చేతుల్ని చూశాడు. తరవాత దొర వైపు తిరిగాడు.

"తియ్యండి."

స్ట్రౌడ్ దొర ఒక్కో వేలే లాగుతూ తొడుగు తీశాడు.

ఆ చెయ్యి మణికట్టు దాకా తిర్జా చేతుల్లాగే నీలంగా ఉంది.