ముప్ఫై ఎనిమిది మీటర్లు

ఆ రోజుల్లో ఏ ఇంటికి ఎంత లావు గ్యాసు పైపు వేయాలో నగర యంత్రమే తేల్చేది. ఫిట్టర్లు బిగించి వచ్చేవారు. విజయనగరంలో ఫిట్టరు కరీమున్నీసా పైడమ్మ ఇంట్లో పని ముగించేసరికి గోడ మీది మీటరు ఆ యంత్రం గొంతుతో, "అనుమతి లభించింది. పదకొండు గంటలకు గ్యాసు వదులుతాం" అంది.

పైపు అనుకున్నదాని కంటే చాలా ఎక్కువ పట్టిందని అనుమానం వచ్చి కరీమున్నీసా టేపు పెట్టి కొలిచింది. వీధి నుంచి వంటింటికి ముప్ఫై ఎనిమిది మీటర్లు. ప్లానులో పన్నెండే ఉంది.

"అమ్మా, వంటిల్లు ముందు కదా ఉండాలి?"

"ఎండకి ఓర్సుకోలేక ఎనక్కి మార్సుకున్నాం. ఈ ఈదిలో అందరూ అంతే. ఏటైంది తల్లీ?"

"ఇంత దూరానికి ఈ సన్న పైపు సరిపోదమ్మా. స్నానానికి గ్యాసు గీజరు వేస్తే పొయ్యి ఆరిపోతాది. గీజరు ఆపితే మంట లేకుండా గ్యాసొకటే వస్తాది."

పైడమ్మ ఉయ్యాల్లోని మనవరాలిని చటుక్కున ఎత్తుకుంది.

కరీమున్నీసా మీటరుకు విషయం చెప్పింది. "అనుమతించిన పైపును ఆపితే మీ లైసెన్సు రద్దవుతుంది" అందది. పదకొండుకు ఇంకా నాలుగు నిమిషాలే ఉంది. ఆమె పైపు కోసి, వీధివైపు కొనకు మూత బిగించింది.

"లైసెన్సు రద్దయింది. వీధిలో మిగతా ముప్ఫై ఆరు ఇళ్లకు గ్యాసు వదిలాం" అంది మీటరు.

ఆమె పక్కింటికి పరుగెత్తింది. ఆ ఇల్లాలు తువ్వాలు భుజాన వేసుకుని నవ్వుతూ ఎదురొచ్చింది.

"రామ్మా, పొయ్యి మీద పాలెట్టాను. తానం సేసొస్తాను, కాస్త సూస్తుండు."

కరీమున్నీసా పొయ్యి ఆపేసి, ఆమె చెయ్యి పట్టుకుని వీధిలోకి లాక్కొచ్చింది. ఇంకా ముప్ఫై అయిదు తలుపులున్నాయి.