ఎండలో కూర్చున్న పెద్దాయన

పాత లారీ టైరొకటి దొర్లుకుంటూ వచ్చి, ఎసేటా వాకిట్లో నడుమెత్తు గడ్డిలో పడిపోయింది.

దాని వెనకే ఒక ముసలాయన వచ్చాడు. వెలిసిపోయిన లుంగీ, చేతిలో గడ్డి నరికే కత్తి.

"ఇది చెత్తకుప్ప కాదు తాతా, ఇల్లు" అంది ఎసేటా గడప మీద నుంచే.

"చూస్తే తెలియలేదమ్మా."

ఎసేటాకి కోపం వచ్చింది. కానీ ఆయన అన్నది అబద్ధం కాదు.

సమోవాలో ఒక్క వాకిలి పాడుపడినా ఊరంతటికీ తలవంపే. మహిళా సంఘం వాళ్ళు అప్పటికే వచ్చి చెప్పిపోయారు, శనివారానికి బాగుచెయ్యకపోతే తామే కత్తులు తెచ్చుకుని మొత్తం నరికేస్తామని.

నరికితే నరకనీ అనుకునేదే. కానీ ఆ గడ్డిలో ఎక్కడో కూతురు లెయితు గుచ్చిన గంధరాజం కొమ్మ ఉంది.

కొమ్మ గుచ్చిన మర్నాడే, బడికి పోతూ, ట్రక్కు గుద్ది ఆ పిల్ల చనిపోయింది.

ట్రక్కు నడిపిన కుర్రాడి తరఫువాళ్ళు తెల్లవారకముందే వచ్చి, తప్పు ఒప్పుకునే అక్కడి ఆచారం ప్రకారం మేలురకం చాప కప్పుకుని వాకిట్లో తలలు వంచి కూర్చున్నారు. ఇంటివాళ్ళు క్షమించామంటే వెళ్ళి ఆ చాప తియ్యాలి. ఎండ నడినెత్తికి వచ్చినా ఎసేటా వెనక గదిలోంచి కదల్లేదు. చివరికి ఆమె తమ్ముడే వెళ్ళి తీశాడు.

పిల్లను ఇంటి ముందే, తాత ముత్తాతల పక్కన, పడుకోబెట్టారు.

అప్పటినుంచి ఎసేటా పెరటిదారినే తిరుగుతోంది. కొమ్మ బతికిందో, ఎండిందో చూడలేదు. చూడాలంటే భయం.

"నిన్నెవరు పంపారు తాతా?"

"ఈ టైరు. అది ఎటు పోతే అటు వచ్చాను."

"కూలి ఇచ్చుకోలేను. నా దగ్గర ఉన్నది చిన్న రంగు డబ్బా కొనడానికే."

"కోకో ఉందా?"

"ఉంది."

"అది చాలు."

ఆయన కత్తి ఎత్తాడు. ఎసేటా గబుక్కున అంది. "అందులో ఒక కొమ్మ ఉంది. గంధరాజం. మా అమ్మాయిది. అది గనక తెగిందంటే..."

ఆయన కత్తిని టైరు మీద పెట్టేశాడు. గొంతుక్కూర్చుని చేత్తోనే పీకడం మొదలుపెట్టాడు.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు.

టైరును కోసి, తిరగదీసి, అంచు రేకుల్లా విప్పి పూలతొట్టి చేశాడు. సముద్రపు ఒడ్డు నుంచి తెల్లరాళ్ళు మోసుకొచ్చాడు. ఖాళీ సీసాలు బోర్లించి బాటకు అంచు కట్టాడు. ఇరుగుపొరుగుని అడిగి క్రోటన్ కొమ్మలు తెచ్చాడు.

"నీకు కాదనేవాళ్ళే లేరే! నేనడిగితే ఆ పక్కింటి సీవా ఎండుటాకు కూడా రాల్చదు" అంది ఎసేటా.

"ముసలి ముఖం చూసి జాలిపడుతున్నారమ్మా."

టైరుకు రంగు వెయ్యడానికి ఎసేటా వాకిట్లోకి దిగింది. ఎప్పుడు దిగిందో ఆమెకే తెలియలేదు. ఆయన ఈనెల చీపురు అందుకుని ఊడుస్తుంటే చూడలేకపోయింది.

"చీపురు అలాగా పట్టుకోవడం? మీ ఊళ్ళో ఎప్పుడూ ఊడవలేదా?"

"మా ఊళ్ళో నా మీద వాలిన ఈగనైనా నేను తోలుకోను."

"అబ్బో! ఎంత బద్ధకం!"

అని నవ్వేసింది. చాన్నాళ్ళ తర్వాత విన్న తన నవ్వు ఆమెకే పరాయిదిగా అనిపించింది.

ఇంకో మార్పు కూడా వచ్చింది. అరుచుకుంటూ పోయే కుర్రాళ్ళు ఆమె వాకిలి ముందుకు రాగానే నోళ్ళు మూసుకుని, నడుం వంచి పోతున్నారు. సీవా అయితే మండే ఎండలో గొడుగు మడిచింది.

సమాధి శుభ్రపడింది కదా, బిడ్డ మీద గౌరవం కాబోలు అనుకుని ఎసేటా కళ్ళు తుడుచుకుంది.

కోకో తాగేటప్పుడు మాత్రం ఆయనతో వేగలేకపోయింది.

"నీడలో చాప వేశాను, రా తాతా."

"ఇక్కడే బాగుందమ్మా."

రోజూ అదే చోటు. వాకిలి నడిమధ్య, ఎండలో, ఇంటివైపు తిరిగి, తల వంచుకుని కూర్చునేవాడు.

"మాడిపోతావు!"

"ఈ చోటు నాకు అలవాటే."

"వచ్చి వారం కాలేదు, అప్పుడే అలవాటా!"

ఆయన మిగిలిన కోకో తాగేసి మళ్ళీ గడ్డిలోకి వెళ్ళాడు.

శుక్రవారం సాయంత్రం సమాధి పక్కన తీగలు లాగుతూ పిలిచాడు.

"అమ్మా, ఒకసారి ఇటు రా."

తీగల కింద, జానెడు కొమ్మకు, రెండు లేత ఆకులు.

ఎసేటా నేల మీద కూలబడింది. ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. మళ్ళీ ముట్టుకుంది.

ఆమె ఏడుపు ఆగేదాకా ఆయన దూరంగా నిలబడ్డాడు.

"ఒక్క మాట అడగనా అమ్మా? ఇక రోజూ ఈ వాకిట్లోకి రాగలవా?"

"దీనికి నీళ్ళెవరు పోస్తారు మరి? నేనే రావాలి."

"అయితే నా పని అయింది. పొద్దున్నే మా సవాయీ దీవికి పడవెక్కుతాను."

"సంఘం వాళ్ళు మెచ్చుకునేటప్పుడు నువ్వు లేకపోతే ఎలా?"

ఆయన నవ్వి, కత్తి తీసుకుని వెళ్ళిపోయాడు.

శనివారం సంఘం పెద్ద మతలేనా వాకిలంతా తిరిగి చూసి, ఎసేటా భుజం మీద చెయ్యి వేసింది.

"నాదేం లేదక్కా. సవాయీ దీవి నుంచి ఎవరో ముసలితాత. పేరు కూడా అడగలేదు. తన మీది ఈగనైనా తోలుకోడట, అంత బద్ధకస్తుడు!"

ఎవరూ నవ్వలేదు.

"మీకు తెలుసా ఆయన?"

"ఊరందరికీ తెలుసు. నీకు చెప్పొద్దని మాట తీసుకున్నాడు. అక్కడ వాళ్ళ ఊరికి ఆయనే పెద్ద, ఎసేటా. ఈగలు తోలడానికి పక్కన మనుషులుంటారు."

ఎసేటా చూపు వాకిలి నడిమధ్యకు పోయింది. అక్కడ ఆయన గడ్డి పీకాడే గాని, ఒక్క మొక్కా నాటలేదు.

"ట్రక్కు నడిపిన కుర్రాడిదీ ఆ ఊరే. వాడి బదులు ఆ రోజు అక్కడ చాప కింద కూర్చున్నది ఆయనే" అంది మతలేనా మెల్లగా. "చాప తీసింది నీ తమ్ముడు, నువ్వు తియ్యలేదని మళ్ళీ వచ్చి కూర్చున్నాడు."