ఆడవేషం

"సుశీల వేషం నాకియ్యండి సార్. నాటకమంతా నాకు నోటికొచ్చు" అంది నిస్సీ.

ఉమాశంకర్ మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. పలాస దగ్గర ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆయన చరిత్ర చెబుతారు. కొత్తగా పెట్టిన మహిళా అధ్యయనం పేపరు కూడా ఆయన చేతికే వచ్చింది. అప్పట్నుంచి ఆడవాళ్ళ కష్టాలు తనంత బాగా చెప్పగల ఆడది జిల్లాలో లేదని ఆయనకి గట్టి నమ్మకం. మహిళా దినోత్సవానికి స్వయంగా ఓ నాటకం రాశారు. పేరు 'మేలుకో మహిళా'. అందులో కథానాయిక సుశీల వేషం భావనపాడు కుర్రాడు జెర్రీకిచ్చారు.

"ఆడపిల్లవి, స్టేజీ ఎక్కితే ఊరేటనుకుంటాదమ్మా? అదీగాక రిహార్సల్స్ అయ్యేసరికి పొద్దుగూకిపోతాది. నువ్వు పూండి ఎల్లాలి కదా" అన్నారు మాస్టారు.

నిస్సీ బి.ఏ. రెండో సంవత్సరం. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి స్టేజీ మీద నటించాలని ఆ పిల్ల ఆశ. డిగ్రీ అయిపోతే ఇక ఇంట్లో నాటకం మాటెత్తనివ్వరు. అందుకే కదలకుండా అక్కడే నిలబడింది.

మాస్టారికి జాలేసింది. ఊరికే జాలిపడే మనిషి కాదు, వెంటనే ఓ పని కూడా అప్పజెప్పారు. జెర్రీకి ఆడనడక, ఆడమాట నేర్పమన్నారు. తెలిసిన పిల్లలు తెలియని పిల్లలకి నేర్పడాన్ని పీర్ ట్యూటరింగ్ అంటారట, పెద్ద యూనివర్సిటీల్లో ఇప్పుడంతా అదేనట. నాటకం రోజు పక్క తెర వెనక నిలబడి డైలాగులు అందించే పని కూడా ఆమెదేనన్నారు. తెర వెనకైతే ఊరు ఏమీ అనుకోదు కదా.

అలా రిహార్సల్స్‌కి ఉండకూడని నిస్సీ, రిహార్సల్స్ చేసే అబ్బాయికి నేర్పడానికి అదే హాల్లో రోజూ పొద్దుగూకేదాకా ఉండిపోయింది. పూండి అప్పుడేమీ దూరం కాలేదు.

జెర్రీ మంచివాడే. చీర కుచ్చిళ్ళు తొక్కుకుని పడినప్పుడల్లా "నాకెందుకే ఇది, నువ్వే ఎయ్యొచ్చు కదా" అనేవాడు. డైలాగు మాత్రం ఒక్కటీ వాడి బుర్రకెక్కలేదు. తెర వెనక నుంచి నిస్సీ ఏదంటే అదే తిరిగి అనడం నేర్చుకున్నాడు.

నాటకం రోజు కల్యాణమండపం నిండిపోయింది. ముఖ్య అతిథి టెక్కలి నుంచి వచ్చిన కామేశ్వరి మేడం, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. జెర్రీ వయ్యారంగా నడిచాడు, ముక్కు చీదాడు, కొంగు నడుముకి దోపాడు. జనం మెచ్చుకున్నారు.

చివరి ఘట్టం వచ్చింది. చదువుకుంటానని పట్టుబట్టిన సుశీలకి భర్త బుద్ధి చెబుతాడు. ఆమె తప్పు తెలుసుకుని అతని కాళ్ళ మీద పడుతుంది. మాస్టారి లెక్కలో మేలుకోవడమంటే అదే. భర్త వేషం వేసిన రూబెన్ కాళ్ళు ముందుకు పెట్టి సిద్ధంగా నిలబడ్డాడు. జెర్రీ అలవాటుగా తెర వైపు చెవి పెట్టాడు.

కాళ్ళ మీద పడే ఆ డైలాగుని నిస్సీ ఇంకోసారి చూసుకుంది. చేతిలో కాగితం మడిచేసి మెల్లిగా ఏదో అంది. జెర్రీ ఓ క్షణం ఆమె వంక చూశాడు. వెనక వరసకి కూడా వినబడేలా అందుకున్నాడు.

"నేను మీ కాళ్ళ మీద పడను. ఆడదాని బాధ చెప్పే నాటకంలో ఒక్క ఆడపిల్లకి చోటివ్వలేదు. వాళ్ళు తెర వెనక నిలబడితే, మీసం గొరిగించుకుని నేను సుశీలనయ్యాను. ఇప్పుడు చెప్పండి, మేలుకోవాల్సింది ఎవరు?"

రూబెన్‌కి ఆ కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మాస్టారు తెర దించెయ్యడానికి పరుగెత్తి తాడు పట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే కామేశ్వరి మేడం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ వెంటనే హాలంతా కొట్టింది.

ఇంత ధైర్యంగా ముగింపు రాసిందెవరని మేడం అడిగారు. మాస్టారు తాడు వదిలేసి, శాలువాకి వీలుగా మెడ వంచి ముందుకొచ్చారు.

"నేనేనండి. గుండె మండి రాశాను."

"అయితే వచ్చే ఏటి నుంచి ఆడవేషాలు ఆడపిల్లలకే ఇస్తానని ఇక్కడే మాటివ్వండి" అన్నారు మేడం.

మాస్టారు మైకు ముందు గుండె మీద చెయ్యేసుకుని మాటిచ్చేశారు. ఉత్తమ నటి బహుమతిగా జెర్రీకి జాకెట్టు ముక్క ఇచ్చారు. తెర వెనక నిస్సీ కళ్ళు తుడుచుకుంది. తన మాటలు ఆయన ఖాతాలో పడ్డాయని ఆమెకి బాధే లేదు. వచ్చే ఏడు వేషం దొరికినట్టే, అంతే చాలు.

మరుసటి ఏడు నాటకానికి పేర్లిమ్మని నోటీసు పెట్టగానే అందరికంటే ముందు నిస్సీయే పరుగెత్తింది. మాస్టారు ఆప్యాయంగా కుర్చీ చూపించారు.

"నేను మాట తప్పే మనిషిని కానమ్మా. ఆడవేషం ఉంటే అది ఆడపిల్లదే, అందులో రెండో మాట నేదు" అంటూ కొత్త నాటకం ఆమె చేతిలో పెట్టారు.

పేరు 'సరిహద్దు'. పాత్రలు: ఆరుగురు జవాన్లు, ఒక సుబేదారు.